ఈ పొద్దు ఏం చూస్తివి?

"మన పాపకి అసలు మాటలే రావేమో, వరూ."

ఆ మాట బయటికి వచ్చాక మల్లికార్జున్‌కి తన గొంతు వింటే తనకే భయమేసింది. ఇన్నాళ్ళూ దాన్ని లోపలే పెట్టుకున్నాడు. కంపెనీ బస్సుకి టైమవుతోందని నిలబడే ఇడ్లీ తింటున్న వరూధిని చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది. వంటింటి గడప మీద కూర్చున్న ఇందుజ మాత్రం, ఈ గొడవ తనది కాదన్నట్టు, ఖాళీ గ్లాసులో చెంచా తిప్పుతూ ఆ చప్పుడు వింటోంది.

"రెండేళ్ళు దాటిపోయాయి. అమ్మ అనదు, నాన్న అనదు. కావాలంటే వేలు చూపిస్తుంది, వద్దంటే తల తిప్పేస్తుంది. నరసరావుపేటలో మా అన్నయ్య కొడుకు ఈ వయసుకి ఫోన్లో పద్యాలు చెప్పేవాడు."

"మీ అన్నయ్య కొడుకు ఇప్పటికీ ఫోన్ పెట్టడు," అంది వరూధిని. నవ్విద్దామనుకుంది. అతను నవ్వలేదు. ఆమె ముక్క నోట్లో పెట్టుకుని, పాప తల నిమిరి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. గేటు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అంటే ఆమెకీ అదే భయం.

మల్లికార్జున్ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాడు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో అతని పని తూకాలు, థర్మామీటర్లు, ప్రెషర్ గేజీలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించడం. ఏ వస్తువు ఏ లెక్క చెప్పినా అనుమానించడానికే అతనికి జీతమిచ్చేవారు. ఆ అలవాటు సాయంత్రం అతనితోపాటే ఇంటికొచ్చేది. పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంటే రెండు థర్మామీటర్లు పెట్టి, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందా అని కూర్చునేవాడు. చెవుల మీద అనుమానమొచ్చి పాప వెనకాల స్టీలు కంచం కింద పడేశాడు. పాప తిరిగి చూసింది. పక్కింట్లో నిద్రపోతున్న ముసలాయన కూడా లేచాడు. చెవుల డాక్టరు చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు. పిల్లల డాక్టరు ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. "కొందరు ఆలస్యంగా మొదలుపెడతారు. దసరా వెళ్ళాక తీసుకురండి. అప్పటికీ మాట్లాడకపోతే పెద్ద పరీక్షలు చేయిద్దాం."

అందులో మల్లికార్జున్‌కి వినిపించింది "పెద్ద పరీక్షలు" అన్న రెండు మాటలే.

ఎక్కువ భాషలు చెవిన పడితే పిల్లలు తికమకపడతారని ఎక్కడో చదివాడు. బొమ్మనహళ్ళిలో ఉంటూ ఆ ముక్క చదవడం మంచిది కాదు. పాలవాడిది కన్నడం, పక్కింటి సమీనాది ఉర్దూ, టీవీది హిందీ, వరూధిని ఆఫీసు ఫోన్లన్నీ ఇంగ్లీషు. అందుకని అతనొక చట్టం చేశాడు. ఇంట్లో తెలుగే మాట్లాడాలి, అదీ సరైన తెలుగు. వరూధినిది ధర్మవరం. ఆమె "యాడికి" అన్నా, గేదెని "ఎనుము" అన్నా ఆ చట్టం కింద నిషేధమే. టీవీ మీద గుడ్డ పడింది. అన్నం పెడుతున్నా, స్నానం చేయిస్తున్నా ఇద్దరూ ప్రతి మాటా సరిచూసుకుని అనాల్సి వచ్చేసరికి, అనడమే తగ్గిపోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

గోడకి పాప అందుకునే ఎత్తులో చార్టులు అంటించాడు. పండ్లు, జంతువులు, వాహనాలు. రోజూ పొద్దున్నే వాటి ముందు కూర్చుని ఏనుగు మీద వేలు పెట్టి అడిగేవాడు.

"ఇదేంటమ్మా? చెప్పు నాన్నా. ఇదేంటి?"

ఇందుజ ఏనుగుని చూసేది. తర్వాత అతని మొహం చూసేది. పెదాలు బిగించుకునేది.

అతని చట్టానికి లొంగని మనిషి ఒకామె కింద వాటాలో ఉండేది. ఆమె పేరు అక్కయమ్మ. ఒకే గేటు లోపల నాలుగైదు అద్దె ఇళ్ళు, మధ్యలో నీళ్ళ సంపు, బట్టలారేసుకోవడానికి అందరికీ కలిపి తీగలు. ఇలాంటి ఆవరణని అక్కడ వటారం అంటారు. వటారంలో ఏ ఇంటికెళ్ళాలన్నా అక్కయమ్మ గుమ్మం ముందు మెట్లు దాటే వెళ్ళాలి, ఆ మెట్ల మీద అక్కయమ్మ ఉంటుంది. పొట్టి మనిషి. తల పూర్తిగా నెరిసింది. చూపు తగ్గింది కాబట్టి, వచ్చేదెవరో తెలియకముందే పలకరించేది.

మా ఊరు కదిరి అని చెప్పుకునేది గానీ, ఆమె పుట్టింది బెంగళూరులోనే. ఎప్పుడో కరువు రోజుల్లో వాళ్ళ నాన్న కదిరప్ప రాళ్ళు కొట్టే పనికి ఈ ఊరొచ్చి ఉండిపోయాడు. ఆమె భర్త తిరుపాలు ఆటో నడిపేవాడు, కొడుకు ఇంకా పసివాడుగా ఉండగానే ఆయన పోయాడు. అప్పటినుంచి కళ్ళు మసకబారే దాకా అక్కయమ్మ హొసూరు రోడ్డు మీద ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలకి మిగిలిపోయిన దారాలు కత్తిరించింది. కొడుకు హరికి హొసకోటెలో ఫ్యాక్టరీ ఉద్యోగం, అక్కడే కాపురం. వచ్చేయమ్మా అని ప్రతి ఆదివారం వచ్చి పిలుస్తాడు. "ఆడ నాకు మాట్లాడేదానికి ఎవరుండార్రా?" అని ఆమె పంపించేస్తుంది.

మాట్లాడటానికి ఆమెకి మనుషులే కావాలని కూడా లేదు. కుక్కర్ కూత ఆలస్యమైతే, "ఏమే, నీకూ బేజారా ఈ పొద్దు?" అనేది. సంపు మోటారు మొరాయిస్తే కన్నడంలో తిట్టి, పనిచేస్తే తెలుగులో మెచ్చుకునేది. సమీనాతో ఉర్దూ ముక్కలు కలిపేది. పాలవాడి గేదె సందులోకొస్తే, "ఎమ్మె వచ్చె, ఎమ్మె వచ్చె, దారి ఇడువండి," అని దానికి బంట్రోతులా ముందు నడిచేది.

పాపకి మాటలు రాలేదని తెలిశాక ఆమె ఊరికే ఉంటుందా? మొదటి రోజే మెట్ల మీద అతన్ని ఆపేసింది.

"వస కొమ్ము అరగదీసి నాలికకి రాయప్పా. మావోడికి రాస్తే ఇప్పటికీ నోరు మూయడు."

అందులో ఏ రసాయనాలుంటాయో, మోతాదు మించితే అవి పసిపిల్లలకి ఏం చేస్తాయో అతను వివరించాడు. ఆమె శ్రద్ధగా వింది. "సరేలే అప్పా, చదివినోడివి," అంది. మర్నాడు గుప్పెడు ఎండుమిరపకాయలతో దిష్టి తీయడానికి పైకొచ్చింది. పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదని అతను తలుపు దగ్గరే ఆపాడు. ఆ తర్వాత పాపని ఎత్తుకుని కిందికి దిగాల్సి వస్తే, ఆమె లోపలికెళ్ళే దాకా పైన మెట్ల మలుపులో నిలబడేవాడు.

అలాంటిది ఇందుజని ఆమె ఒళ్ళోనే పెట్టాల్సి వచ్చింది. అంతవరకూ మధ్యాహ్నాలు పాపని చూసుకున్నది వరూధిని వాళ్ళమ్మ సుబ్బలక్ష్మమ్మ. కోడలికి పురుడొచ్చి ఆమె ధర్మవరం వెళ్ళిపోయింది. మల్లికార్జున్‌కి అప్పుడు సెకండ్ షిఫ్టు. అతను మధ్యాహ్నం వెళ్ళాక, వరూధిని సాయంత్రం వచ్చే దాకా ఎవరో ఒకరుండాలి. పిల్లల్ని చూసుకునే చోట్లు ఒకటి రెండు చూశారు. ఒక చోట పిల్లలందరికీ జలుబు. ఇంకో చోట అందరినీ వరసగా టీవీ ముందు కూర్చోబెట్టారు.

"అక్కయమ్మ ఉందిగా," అంది వరూధిని.

"ఆవిడ తెలుగు విన్నావా నువ్వు?"

"మా ఊరి తెలుగే అది. దాన్ని చూసే కదా నన్ను చేసుకుంటివి?"

మర్నాడు అతను కాచి చల్లార్చిన నీళ్ళ సీసా, థర్మామీటరు, గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసిన చార్టులు పట్టుకుని కిందికెళ్ళాడు.

"అక్కయమ్మగారూ, ఒక్క మాట. పాపతో తెలుగే మాట్లాడండి. వేరే భాషలు వద్దు."

"నేను మాట్లాడేది తెలుగే కదప్పా! సుమ్నే, ఊరికే ఏమో అంటావు."

"రోజూ కాసేపు ఈ చార్టులు చూపించండి. ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి ఇదేంటి అని అడగాలి."

"నాకు తెలీక అడగాల్నా, దానికి తెలీక అడగాల్నా?" అందామె. "సరే ఇయ్యి. ఆ గారు మాత్రం తీసేయప్పా. ఎవరో ఆఫీసరమ్మను పిలిచినట్లుండాది."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పాపని అప్పగిస్తూ అతను చార్టుల సంగతి అడిగేవాడు. "బాగుండాయప్పా," అని ఆమె చెప్పేది. చూపించానని గానీ చూపించలేదని గానీ అనేది కాదు. కొలతల మనిషికి ఆ జవాబు రుచించలేదు. కానీ ఆఫీసుకి టైమయ్యేది.

ఒక రోజు కంపెనీలో కరెంటు సరఫరాలో ఏదో పాడై షిఫ్టు వాళ్ళని వెనక్కి పంపేశారు. అతను సిటీ బస్సులో వచ్చి, ఎండ ఇంకా తగ్గకముందే వటారం గేటు దగ్గరికి చేరాడు. గేటు మీద చెయ్యి వేసి ఆగాడు. మెట్ల మీద అక్కయమ్మ ఏదో చెబుతోంది, కథ నడిమధ్యలో ఉంది. ఒళ్ళో ఇందుజ. పక్కన సమీనా చొక్కాకి గుండీ కుట్టుకుంటోంది.

"పొద్దున పాలకని పోతినా? బేకరీ ముందర ఒగ ఆయప్ప నిలబడుకొనుండాడు. చేతిలో ఒగ బన్ను. ఎదురుగా ఒగ కుక్క. కుక్క ఆయప్పను చూస్తాది, ఆయప్ప బన్నును చూస్తాడు. తినడు. నేనూ నిలబడుకొంటి. ఏమైతాదో చూడాల కదా?"

"నీకు పాలు అక్కర్లేదు అనమాట," అంది సమీనా.

"పాలు యాడికి పోతాయి? ఆయప్ప బన్నును నడిమికి తుంచె. లోపల చూసె. మళ్ళా మూసె. మళ్ళా తెరిచి చూసె."

"లోపల ఏముంది?"

"ఏమీ లేదు! అదే కదా గలాటా. జామ్ ఏసినాను అంటాడు బేకరీవోడు, యాడుండాది చూపించు అంటాడు ఈయప్ప. ఇద్దురూ బన్నులోకి తల పెట్టి ఎదుకుతా ఉండారు. కడాకు కోపమొచ్చి కుక్కకి ఏసె. ఆ కుక్క కూడా లోపల చూసి, తినకుండా పాయె!"

సమీనా సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. ఇందుజ కూడా నవ్వింది. ఒళ్ళంతా ఊగిపోయేలా, అక్కయమ్మ నోటినే చూస్తూ, ఇంకా ఏమొస్తుందా అన్నట్టు.

మల్లికార్జున్ గేటు తీసుకుని లోపలికొచ్చాడు. మొదట కనబడింది గుమ్మం పక్కన చారు గిన్నె. గిన్నె కింద పండ్ల చార్టు. ద్రాక్షపళ్ళ మీద గుండ్రంగా మసి.

"అక్కయమ్మగారూ, ఇదేంటి?"

"వేడి గిన్నె అప్పా, నేల పాడైతాదని పెడితి. మంచి గట్టి కాగితం. యాడ కొంటివి?"

"అది పాపకి చూపించమని కదా ఇచ్చాను!"

"చూపిస్తిని. ఒగ దినం చూపిస్తిని. వేలు పెట్టి, ఇదేమే అంటి. అది కాగితం చూసె, నా మొకం చూసె, నోరు బిగించుకొనె." అక్కయమ్మ పెదాలు లోపలికి మడిచి అచ్చం ఇందుజలా చూపించింది. "సూపర్‌వైజరు వస్తే మేమందరూ అట్లే బిగించుకొనేవాళ్ళం. నేను సూపర్‌వైజరును కాను. తీసి పక్కన పెట్టేస్తి."

అతనికి కోపమొచ్చింది. కానీ ఆమె మెట్టు మీద కాస్త జరిగి చోటిచ్చింది, సమీనా లోపలికెళ్ళి టీ పెడతానంది, పాప అతని కాలికి చుట్టుకుంది. కూర్చోక తప్పలేదు. ఆమె తన ఫ్యాక్టరీ సంగతి చెప్పుకొచ్చింది.

ఆ హాల్లో వరసల వరసల మిషన్లు. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. వినపడేలా అరిస్తే సూపర్‌వైజరు వచ్చి వేరే వరసలో పడేస్తాడు. పొద్దున దారిలో ఏదో చూస్తావు, పక్కదానికి చెప్పాలని నాలుక దురద పుడుతుంది, కానీ మధ్యాహ్నం దాకా ఆ మాటని బుగ్గలో దాచుకోవాలి. గంట కొట్టగానే ఆడవాళ్ళంతా కాంపౌండు గోడ నీడలో డబ్బాలు విప్పి, ముద్ద నోట్లో పెట్టకముందే మొదలుపెట్టేవాళ్ళు. ఈ పొద్దు ఏం చూస్తివి? ఒక్కొక్కరు ఒక్కటి. ఇంటి కష్టం చెప్పకూడదు. పని గురించి చెప్పకూడదు. చూసిందే చెప్పాలి.

"కష్టాలు చెప్పకూడదని ఎవరు పెట్టారు?" అన్నాడు మల్లికార్జున్. చట్టాలంటే అతనికి ఆసక్తి.

"ఎవరు పెడ్తారప్పా? అందరికీ అవే ఉండె. తాగే మొగుడు, బాడుగ, అత్త. చెప్పుకొంటా కూర్చుంటే డబ్బాలో ఊట చల్లారిపోతాది."

"ఏమీ చూడని వాళ్ళో?"

"తింటా వింటారు. ఎవురూ అడగరు. భారతి అని ఒగ పాప కొత్తగా చేరె. ఎన్నో దినాలు తల ఎత్తలే. మేమూ గమ్మునుంటిమి. ఒగ దినం దానంతట అదే, నేనొగటి చూస్తి అక్కా, అనె."

"ఏం చూసిందట?"

"అది నాకేం జ్ఞాపకమప్పా! కాకి అనెనో, గాలిపటం అనెనో. చెప్పింది అనేదే జ్ఞాపకం." అక్కయమ్మ టీ గ్లాసు అందుకుని అతని వైపు తిరిగింది. "సరే, నువ్వు చెప్పు. ఈ పొద్దు ఏం చూస్తివి?"

"నేనా? ఏమీ చూడలేదు. బస్సులో వచ్చాను."

"కండ్లు మూసుకొని వస్తివా?"

అతను నిజంగానే గుర్తు చేసుకోబోయాడు. ఇన్నేళ్ళుగా అదే రోడ్డు మీద వెళుతున్నాడు, వస్తున్నాడు. పాప గురించి ఆలోచిస్తూ ఎక్కాడు, పాప గురించి ఆలోచిస్తూ దిగాడు. మధ్యలో ఏముందో అతనికి తెలియదు.

వరూధిని వచ్చాక జరిగింది చెప్పాడు. మసి అంటిన ద్రాక్షపళ్ళు చూపించాడు. ఆమె చార్టు సంగతి పట్టించుకోలేదు.

"అంతగా నవ్విందా?"

"ఒళ్ళంతా ఊగిపోయేలా. కానీ నవ్వడం వేరు, మాట్లాడటం వేరు."

"మనింట్లో ఎప్పుడు అట్లా నవ్వింది, మల్లీ?"

అతను లేచి టీవీ మీద గుడ్డ తీసేశాడు. చూడటానికి కాదు. ఎందుకో అది అలా ఉండటం బాగాలేదనిపించింది.

తర్వాత అతనికి ఫస్ట్ షిఫ్టు వచ్చింది. సాయంత్రం ఎండ ఉండగానే ఇల్లు చేరేవాడు. వరూధిని వచ్చే దాకా పాపతో మెట్ల మీదే కూర్చునేవాడు. అక్కయమ్మ అడిగే ప్రశ్నకి ఏదో ఒకటి తేవాలి కదా అని బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో తెచ్చినవేవీ ఆమెకి నచ్చలేదు.

"హొసూరు రోడ్డులో ఈ రోజు లారీలు మామూలుకంటే ఎక్కువున్నాయి."

"అది పేపర్లో వస్తాదిలే అప్పా. నువ్వు ఏం చూస్తివి?"

నెమ్మదిగా తీరు పట్టుబడింది. సైకిల్ మీద తలుపు మోసుకెళ్ళే మనిషి ప్రతి మలుపులో ఆ తలుపుకి దారి చెప్పడం. రెడ్ సిగ్నల్ దగ్గర ఇద్దరు ఆటోవాళ్ళు ఒకే దోసె పంచుకోవడం. చెబుతున్నప్పుడు ఇందుజ అతని నోటిని చూసేది. ఇంతకుముందు చార్టుల దగ్గర చూసింది అతని కళ్ళని. ఆ తేడా అతనికి తెలిసింది, కానీ దానికి అర్థమేమిటో తెలియలేదు. మాట మాత్రం రాలేదు.

దసరా వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయుధపూజకి లారీలకీ బస్సులకీ కట్టిన అరటి పిలకలు వాడిపోయాయి, రోడ్ల మీద పగలగొట్టిన గుమ్మడికాయలు నల్లబడ్డాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సోమవారం దగ్గరికొచ్చేసింది. అతనికి అన్నం సయించడం మానేసింది. పెద్ద పరీక్షలు అంటే ఏమేం చేస్తారో అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికి ధైర్యం లేదు.

శనివారం వరూధినికి సెలవు, అతనికి లేదు. సాయంత్రం వచ్చేసరికి మెట్లు నిండి ఉన్నాయి. అక్కయమ్మ తనది చెప్పేసింది. సమీనా తనది చెప్పింది. వరూధిని కూడా, దండెం మీద ఆరేసిన లంగాని ఒక కాకి ఎలా అనుమానించిందో చెప్పింది. అందరూ అతని వైపు చూశారు.

"నేను గేదెని చూశాను," అన్నాడు మల్లికార్జున్.

"ఎమ్మె ఎవరు చూడలేదప్పా?" అంది అక్కయమ్మ.

"ఇలాంటిది చూసుండరు." అతను బ్యాగు కింద పెట్టాడు. "రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. ముందు బంపరుకి ఇంకా అరటి పిలకలు, బంతిపూల దండ. గేదె వచ్చి పెళ్ళి భోజనంలా తీరిగ్గా తినడం మొదలుపెట్టింది. క్లీనరు వచ్చి, హోయ్, హోయ్ అని అరిచాడు. అది వాడి వైపు ఒకసారి చూసింది. ఇలా." అతను మెడ మెల్లగా తిప్పి, కనురెప్పలు సగం వాల్చి చూశాడు. ఆఫీసులో ఎవరైనా చూస్తే నమ్మరు. "మళ్ళీ తినడం మొదలుపెట్టింది. వాడు తోకపట్టి లాగాడు. అప్పుడది రోడ్డు మీదికి నడిచింది. అటు కంపెనీ బస్సులన్నీ ఆగిపోయాయి, ఇటు లారీలు. హారన్లే హారన్లు. ఆవిడ మాత్రం ఒక కొమ్ముకి దండ వేలాడదీసుకుని ఊరేగింపులా నడిచి వెళ్ళిపోయింది. వెనకాల దండ కోసం క్లీనరు!"

అక్కయమ్మ చప్పట్లు కొట్టింది. "ఇది చూసింది అంటే! ఇది చూసింది!"

అందరివీ అయిపోయాయి. సమీనా అన్నానికి ఎసరు పెట్టాలని లేచింది. వరూధిని దండెం మీది బట్టలు తీయడానికి వెళ్ళింది. అక్కయమ్మ మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది. ఆమె కొంగు వెనక్కి లాగినట్టయింది.

ఇందుజ రెండు చేతులతో కొంగు పట్టుకుని ఉంది. మొహం ఎర్రబడింది. పాపకి కోపమొచ్చింది.

"నానూ!" అంది.

వరూధిని తీగ దగ్గర అలాగే నిలబడిపోయింది. నాను అంటే కన్నడంలో నేను.

"నానూ... ఎమ్మె," అంది ఇందుజ. వేలు తీసుకెళ్ళి తల పక్కన కొమ్ములా పెట్టుకుంది. "ఎమ్మె. పూ."

ఆ వటారంలో ఆశ్చర్యపోని మనిషి అక్కయమ్మ ఒక్కతే. ఆమె మళ్ళీ కూర్చుంది.

"ఓ, నీది ఇంకా ఉండాదా? చెప్పు తల్లీ. కూర్చుంటి చూడు."

"పాప పొద్దుట్నుంచీ గేటు దాటలేదు కదా," అంది సమీనా నెమ్మదిగా. "గేదె ఎక్కడిది?"

అక్కయమ్మ ఒక క్షణం ఆలోచించి ఫక్కున నవ్వింది. "మొదటి మాటే అబద్ధం! వాళ్ళ నాయన ఎమ్మెను ఎత్తుకొని పాయె చూడు! దొంగముండ!"

మల్లికార్జున్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. వరూధిని చేతిలో సగం మడిచిన దుప్పటితో వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మాత్రం ఊరుకోలేదు.

"నీ చట్టం ప్రకారం 'నేనూ, గేదె' అనాలి కదా? సరిచెయ్యి మరి."

"వద్దు," అన్నాడతను. "ఎమ్మే. ఎమ్మే బాగుంది."

సోమవారం డాక్టరు దగ్గరికెళ్ళారు. ఇందుజ ఆయన స్టెతస్కోపు పట్టుకుని లాగి, గేదె సంగతి మొత్తం ఉన్న రెండు మాటల్లోనే చెప్పింది. ఆయన విన్నాడు, కొన్ని ఆటబొమ్మలిచ్చి చూశాడు, పెద్ద పరీక్షలు ఇప్పుడేమీ అక్కర్లేదన్నాడు. భాషలు కలిసిపోతున్నాయండీ అన్నాడు మల్లికార్జున్. "ఈ ఊళ్ళో కలపకుండా ఎవరు మాట్లాడతారండీ?" అని ఆయన నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కిన మరుక్షణమే మల్లికార్జున్ నిద్రపోయాడు. బొమ్మనహళ్ళి వచ్చాక వరూధిని లేపింది. అంత హాయైన నిద్ర పాప పుట్టాక అతనికి అదే మొదటిసారి.

ఆ మెట్ల మీద కబుర్ల వల్లే మాట వచ్చిందో, రావాల్సిన వేళకి దానంతట అదే వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఒక్క పిల్లని చూసి సూత్రం రాయకూడదని అతని చదువు చెబుతుంది. తను రహస్యంగా రాసిన వస కొమ్ము వల్లేనని అక్కయమ్మ చెబుతుంది. రాసిందా అని అడిగితే, "రాస్తే ఏం, రాయకపోతే ఏం, వచ్చె కదా?" అంటుంది.

ఇందుజ బడికి వెళ్ళే నాటికి అక్కయమ్మ హొసకోటెలో కొడుకు దగ్గరికి చేరిపోయింది. అక్కడ బస్టాండు దగ్గర పూలమ్మే ఆడవాళ్ళున్నారని, వాళ్ళకి వినే ఓపిక ఉందని తెలిశాకే ఒప్పుకుందట. ఒక ఆదివారం ముగ్గురూ ఆమెని చూడటానికి వెళ్ళారు. ఇందుజ ఇంట్లోకి వెళుతూనే వాగడం మొదలుపెట్టింది. మల్లికార్జున్ మాత్రం గుమ్మంలోనే తన కొత్త భయం బయటపెట్టాడు. బడి గేటు దగ్గర ఎదురుచూసి మరీ అడుగుతాడు, ఏం నేర్పారు, ఎవరితో ఆడావు, ఎవరైనా కొట్టారా అని. పాప రోజూ ఒకటే అంటుంది, ఏమీ లేదని. బడిలో ఏం జరుగుతోందో ఎలా తెలిసేది, పెద్దమ్మా?

అక్కయమ్మ మెట్టు మీద జరిగి చోటిచ్చింది. అప్పుడామె చెప్పిన మాటని అతను ఈనాటికీ తప్పడు.

"అడగద్దప్పా. బడి ఇడిచి వస్తానే సూపర్‌వైజరు మాదిరి గేటుకాడ నిలబడుకోవద్దు. ముందు నువ్వు ఏం చూస్తివో నువ్వు చెప్పు. అది చూసింది అదే చెప్తాది, ఈ పొద్దు కాకుంటే రేపు. నీకు చెప్పేదానికి ఏమీ లేదా, అప్పుడు తప్పు దానిది కాదు, నీది. రేపు బస్సులో కిటికీ పక్కన కూర్చో."